కరెంటు కుక్కరు – మన ఇంటి వంట

(జన విద్యా కేంద్రంలో, మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ బల్ల మీద ఉన్న వస్తువు మీలో చాలామందికి తెలిసిందే. దీన్ని కరెంటు కుక్కరు అంటాం. రైస్ కుక్కరు అని కూడా అంటారు. కొందరి ఇళ్ళలో ఇది రోజూ పని చేస్తోంది. కొందరి ఇళ్ళలో అటక మీద ఉంది. పెళ్ళికి ఎవరో చదివించారు. అట్టపెట్టెతో సహా అటక ఎక్కించారు. ఎందుకమ్మా దించలేదు అని అడిగితే ఏం చెబుతారు? "షాక్ కొడుతుందేమో" అంటారు. "బిల్లు పేలిపోతుంది" అంటారు. "మా అత్తకు ఆ అన్నం దిగదు" అంటారు.

ఇవి ఉత్త భయాలని నేను కొట్టిపారెయ్యను. షాక్ కొట్టే మాట నిజమే, జాగ్రత్త లేకపోతే. బిల్లు పెరిగే మాట కూడా నిజమే, లెక్క తెలియకపోతే. ఇవాళ ఆ జాగ్రత్త, ఆ లెక్క చెప్పుకుందాం.

ముందు ఒక పని చేస్తాను. రెండు గ్లాసుల బియ్యం కడిగి, అరగంట నానబెట్టి తెచ్చాను. ఆ గ్లాసుతోనే నాలుగు గ్లాసుల నీళ్ళు పోశాను. ఇదిగో, గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడుస్తున్నాను. ఎందుకు తుడిచానో కాసేపాగి చెబుతాను. గిన్నె లోపల పెట్టాను. అటూ ఇటూ కొంచెం తిప్పాను, సరిగ్గా కూర్చోవాలి గదా. మూత పెట్టాను. ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, ఈ మీట కిందికి నొక్కాను. దీపం వెలిగింది. దాని పని అది చేసుకుంటుంది. మనం మాట్లాడుకుందాం.

పత్తి తీతల రోజులు గుర్తు చేసుకోండి. మిరపకాయ కోతల రోజులు గుర్తు చేసుకోండి. కూలికి తీసుకుపోయే ఆటో పొద్దున్నే వచ్చేస్తుంది. ఆలోపు ఇల్లు ఊడవాలి, నీళ్ళు పట్టాలి, పిల్లలకు క్యారేజీ కట్టాలి, మనకు క్యారేజీ కట్టుకోవాలి. అందుకే నాలుగింటికి లేస్తాం. పొయ్యి రాజేస్తాం. వానాకాలమైతే కట్టెలు తడిసి ఉంటాయి. గొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడతాయి. ఎసరు మరిగేదాకా అక్కడే ఉండాలి. పొంగితే మూత తియ్యాలి. మంట ఎగదొయ్యాలి, తగ్గించాలి. గంజి వార్చాలి. ఈ అరగంటలో మనిషి అటు కదలడానికి లేదు, ఇటు కదలడానికి లేదు.

ఈ కుక్కరు అన్నాన్ని మరీ తొందరగా ఏమీ వండదు. ఇందులోనూ అరగంట పడుతుంది. కానీ ఆ అరగంట మనిషి దాని దగ్గర నిలబడక్కర్లేదు. అసలు లాభం అదీ.

పొగ సంగతి కూడా చెప్పాలి. కట్టెలు, పిడకలు, బొగ్గు లాంటివి ఇంట్లో కాల్చినందువల్ల వచ్చే పొగతో 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ పొగ ఎక్కువ పీల్చేది ఎవరు? వండే ఆడవాళ్ళు. వాళ్ళ ఒళ్ళో ఉన్న పసిపిల్లలు. పిల్లలకు న్యుమోనియా, పెద్దవాళ్ళకు ఆయాసం, కళ్ళకు శుక్లాలు – వీటికి పొగ ఒక కారణం.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. గ్యాసు పొయ్యి చాలా ఇళ్ళకు వచ్చింది. అయినా ఇంటి వెనక కట్టెల పొయ్యి పోలేదు. ఎందుకు పోలేదు? సిలిండరు తొందరగా అయిపోతుందని. కూర గ్యాసు మీద చేస్తాం, అన్నం కట్టెల మీద పడేస్తాం. చాలాసేపు మంట కావలసింది అన్నానికే గదా! అంటే గ్యాసు వచ్చినా, అన్నం వండినంతసేపు పొగ మాత్రం తప్పలేదు. ఆ అన్నం వంతు ఈ కుక్కరు తీసుకుంటే, కూరకు గ్యాసు చాలు. కట్టెల పొయ్యి నీళ్ళు కాచుకోవడానికి మిగులుతుంది, అదీ ఆరుబయట.

ఈ కుక్కరు ఎక్కడ పుట్టిందో తెలుసా? జపాన్ దేశంలో. వాళ్ళూ మనలాగే అన్నం తినే మనుషులు. అక్కడి ఆడవాళ్ళు కూడా తెల్లవారక ముందే లేచి మట్టి పొయ్యి ముందు కూర్చునేవాళ్ళు. 1955 డిసెంబరులో తోషిబా అనే కంపెనీ, దానంతట అదే ఆగే కరెంటు కుక్కరును అమ్మకానికి పెట్టింది. దాన్ని తయారు చేసే పని మినామి అనే ఒక చిన్న కార్ఖానా యజమానికి ఇచ్చారు. ఆయనకు యంత్రాలు తెలుసు. అన్నం వండటం తెలియదు. ఆ పని ఆయన భార్య ఫుమికో భుజాన వేసుకుంది. ఇల్లు, పిల్లలు చూసుకుంటూనే మళ్ళీ మళ్ళీ అన్నం వండింది. ఎంత వేడిలో ఎంతసేపు ఉడికితే మెతుకు బాగుంటుందో చూసి చూసి రాసి పెట్టింది. నీళ్ళు మరిగాక ఇరవై నిమిషాలు ఉడికితే అన్నం బాగా కుదురుతుందని తేలింది. ఎండలో పెట్టి వండింది, చలిలో పెట్టి వండింది. దేశంలో ఎక్కడైనా పనిచెయ్యాలి గదా! ఆ కుక్కరుకు రెండు గిన్నెలు ఉండేవి. బయటి గిన్నెలో కొలిచి పోసిన నీళ్ళు ఇరవై నిమిషాల్లో ఆవిరైపోతాయి. అప్పుడు వేడి పెరిగి స్విచ్చి పడిపోతుంది.

కంపెనీ పేరు అందరికీ తెలుసు. ఫుమికో పేరు ఎంతమందికి తెలుసు? వంటింటి చాకిరీ లెక్కలోకి రాదు అనుకుంటాం. ఆ చాకిరీలో ఉన్న తెలివే ఈ యంత్రానికి ప్రాణం పోసింది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న కుక్కరు ఎలా ఆగుతుందో చూద్దాం. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు, ఎంత మంట పెట్టినా వేడి ఆ 100 దాటదు. బియ్యం నీళ్ళన్నీ పీల్చేసుకున్నాక గిన్నె అడుగు వేడి ఎక్కడం మొదలుపెడుతుంది. గిన్నె కింద నడిమధ్యలో చిన్న బిళ్ళ ఉంటుంది. అందులో అయస్కాంతం ఉంది. 100 దాటి ఇంకొంచెం పైకి పోగానే ఆ అయస్కాంతం పట్టు సడలిపోతుంది. స్ప్రింగు తన్నుతుంది. మీట టక్కుమని పైకి లేస్తుంది. అంతే సంగతి. గడియారమూ లేదు, మాయా లేదు.

ఇది తెలిస్తే చాలా సంగతులు తెలిసిపోతాయి. గిన్నె అడుగు ఎందుకు తుడిచాను? అడుగుకూ బిళ్ళకూ మధ్య ఒక మెతుకు ఇరుక్కున్నా వేడి సరిగ్గా తెలియదు. అన్నం మాడుతుంది, లేకపోతే పలుకుగా ఆగిపోతుంది. "మా కుక్కరు పాడైందండీ" అని కొట్టుకు మోసుకుపోతారు. కొట్టువాడు మెతుకు తీసి, గుడ్డతో తుడిచి, వంద రూపాయలు తీసుకుంటాడు.

ఇంకొకటి. సాంబారు పెడితే కుక్కరు ఆగదు. అందులో నీళ్ళు ఇగిరిపోవు గదా! అలాంటివి చేసేటప్పుడు మనమే చూసుకుని ఆపాలి. మీట లేవకుండా పుల్ల అడ్డం పెట్టేవాళ్ళు ఉన్నారు. పోపు వేగాలని అలా చేస్తారు. ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. మీట లేవడమే దానికి రక్ష. రక్షకు అడ్డం పెడితే తీగలు కాలిపోతాయి, నిప్పు అంటుకుంటుంది.

ఇక షాక్ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ప్రాణాల సంగతి గనక.

ఈ ప్లగ్గు చూడండి. దీనికి మూడు పిన్నులు ఉన్నాయి. రెండు సన్నవి, ఒకటి లావుగా, పొడవుగా ఉంది. ఆ లావు పిన్నుకు ఎర్తు తీగ కలిపి ఉంటుంది. కుక్కరు ఒళ్ళు రేకుది. లోపల ఎక్కడైనా తీగ ఊడి రేకుకు తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే ఆ కరెంటు ఎర్తు తీగ గుండా పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేకపోతే కుక్కరు ఒంటినిండా కరెంటు ఉంటుంది. మనం ముట్టుకోగానే మన ఒంట్లోంచి భూమిలోకి పోతుంది. తడి చేతులు, ఒట్టి కాళ్ళు, తడి నేల అయితే ఇక చెప్పేదేముంది?

మన ఊళ్ళల్లో ఏం చేస్తున్నారు? గోడకు రెండు బెజ్జాల ప్లగ్గే ఉంది. మూడో పిన్ను పట్టదు. దాన్ని విరగ్గొడతారు. లేకపోతే ప్లగ్గే పీకేసి, తీగ కొసలు బెజ్జాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు. అలా చేసిన ఇళ్ళు మీకూ తెలుసు, నాకూ తెలుసు. కుక్కరు కొనడానికి డబ్బు పెట్టిన మనిషి, మూడు బెజ్జాల ప్లగ్గు పెట్టించడానికి వెనకాడటం ఏమిటి? ముందు అది పెట్టించండి. తర్వాత కుక్కరు కొనండి.

ప్లగ్గుకు మూడు బెజ్జాలు ఉంటే చాలదు. మూడో బెజ్జంలో తీగ ఉండాలి. ఆ తీగ ఇంటి పక్కన ఎర్తు గొయ్యిలోకి పోవాలి. కొత్త ఇళ్ళల్లో కూడా మూడో బెజ్జం వెనక ఏమీ ఉండదు, ఒట్టి బెజ్జమే. కరెంటు పని తెలిసిన మనిషిని పిలిచి "ఎర్తు వస్తోందా, చూసి చెప్పు నాయనా" అని అడగండి. వాళ్ళ దగ్గర చూసే సాధనం ఉంటుంది. ఎర్తు గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి గొట్టం పాతుతారు. మన్ను తడిగా ఉంటేనే అది పని చేస్తుంది. ఎండాకాలంలో నాలుగు రోజులకొకసారి దాంట్లో బిందెడు నీళ్ళు పొయ్యండి. తులసికోటకు పోస్తాం గదా, ఆ చేత్తోనే దానికీ పొయ్యండి.

కుక్కరు ముట్టుకుంటే చెయ్యి చిమచిమ అంటోందా? "కొంచెమేలే" అనుకోకండి. ముందు గోడ స్విచ్చి ఆపండి. బాగు చేయించేదాకా దాని జోలికి పోకండి. గిన్నె పైకి తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకండి. అప్పుడు తియ్యండి. గిన్నె ఒక్కటే కడగాలి. బయటి ఒంటిని పంపు కింద పెట్టకూడదు, తడిగుడ్డ పిండి తుడవాలి. వైరు బల్ల అంచున వేలాడకూడదు. పాకే పిల్లలు పట్టుకుని లాగుతారు. అన్నమంతా వాళ్ళ మీద పడుతుంది.

ఎవరికైనా షాక్ కొట్టి పట్టుకుంటే, పరుగున పోయి వాళ్ళను పట్టుకోకండి. మీకూ కొడుతుంది. మెయిను ఆపండి. అది అందకపోతే పొడి కర్రతో తోసెయ్యండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

...విన్నారా? టక్కుమంది. మీట లేచింది. అన్నం అయిపోయిందని అర్థం. అయినా ఇప్పుడే మూత తియ్యను. పది నిమిషాలు అలాగే ఉంచితే ఆవిరికి మెతుకు విడివడుతుంది. స్విచ్చి మాత్రం ఆపేశాను.

స్విచ్చి ఎందుకు ఆపాను? ఇక్కడ బిల్లు లెక్క ఉంది. పలకలు, పుస్తకాలు తెచ్చుకున్నారు గదా, తియ్యండి.

కుక్కరు అడుగున ఒక చిన్న రేకు అంటించి ఉంటుంది. దాని మీద అంకెలు ఉంటాయి. ఈ కుక్కరు మీద 700 అని ఉంది. పక్కన ఇంగ్లీషులో డబ్ల్యూ అనే అక్షరం ఉంది. అంటే 700 వాట్లు. చిన్న కుక్కర్లకు 400 ఉంటుంది, పెద్దవాటికి 1000 దాకా ఉంటుంది. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్టు కాలుతుంది. మరి 700 వాట్ల కుక్కరు అరగంట నడిస్తే? 700లో సగం 350. వెయ్యిలో 350 అంటే యూనిట్టులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. రోజుకు రెండు పూటలు వండితే 700. ముప్పై రోజులకు? 700ను 30తో గుణించండి. 21,000. వెయ్యితో భాగించండి. 21 యూనిట్లు. నెలంతా రెండు పూటలా అన్నం వండితే అయ్యేది 21 యూనిట్లు. ఈ లెక్క మీరే వేశారు. ఇక ఎవరో చెప్పిన మాట నమ్మక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో లెక్క. మీట లేచాక కూడా స్విచ్చి ఆపకపోతే, అన్నం వెచ్చగా ఉంచడానికి కుక్కరు కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. 40 వాట్లు అనుకుందాం. పొద్దున వండి పది గంటలు అలా వదిలేస్తే 400. వండటానికి పట్టింది 350. వెచ్చగా ఉంచడానికి పట్టింది 400! చూశారా? వంట కంటే కాపలా ఖర్చే ఎక్కువైంది. బిల్లు పెరిగిందని మొత్తుకునే ఇళ్ళలో జరిగేది చాలాసార్లు ఇదే.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం వచ్చింది. అర్హత ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటిందా, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఆంధ్రాలో వాడకం పెరిగే కొద్దీ యూనిట్టు రేటు పెరుగుతుంది. అందుకని ఆ గీటు దాటే దగ్గర పది యూనిట్లు కూడా పెద్ద మాటే.

మనకు కరెంటు ఒక్కోసారి నీరసంగా వస్తుంది. ఇంట్లోకి 230 వోల్టులు రావాలి. 160 వస్తే కుక్కరు వేడి సగానికి పడిపోతుంది. అన్నానికి చాలాసేపు పడుతుంది. అది కుక్కరు తప్పు కాదు. కరెంటు మధ్యలో పోతే ప్లగ్గు పీకెయ్యండి. మీట కిందికే ఉంటుంది గనక, మీరు పొలంలో ఉండగా కరెంటు వస్తే అది మళ్ళీ వండటం మొదలుపెడుతుంది. ఇంట్లో మనిషి లేకుండా దాన్ని నడపొద్దు. ఉడికీ ఉడకని గోరువెచ్చని అన్నం గంటలకొద్దీ మూత కింద ఉంచినా పాచిపోతుంది, కడుపులో తిప్పుతుంది.

సరే, ఇక మూత తీస్తున్నాను. దగ్గరికి రండి. పలుకు ఉందా? మెత్తగా అయిందా? పెద్దమ్మా, నువ్వు నోట్లో వేసుకుని చెప్పు. "కాస్త మెత్తనైంది" అంటోంది. నిజమే. ఇవి కొత్త బియ్యం. కొత్త బియ్యానికి గ్లాసుకు రెండు గ్లాసుల కంటే కొంచెం తక్కువే పొయ్యాలి. పాత బియ్యానికి రెండున్నర దాకా పడతాయి. కుక్కరుతో వచ్చిన కప్పుతో కొలిచినా, మీ గ్లాసుతో కొలిచినా ఒకటే. బియ్యం ఏ కొలతతో పోశారో నీళ్ళూ ఆ కొలతతోనే పొయ్యాలి. కప్పుతో బియ్యం పోసి గ్లాసుతో నీళ్ళు పోస్తే జావ అవుతుంది. మీ ఇంటి బియ్యానికి ఎన్ని నీళ్ళు పట్టాయో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మీరు ఊరికి పోయినా మీ ఇంటాయన అది చూసి వండుకోవచ్చు. మీట నొక్కడానికి ఆడచెయ్యే ఉండాలని ఆ రేకు మీద ఎక్కడా రాసి లేదు. నేను వెతికి చూశాను.

ఒక్క అన్నానికే దీన్ని వాడటం నాకు నచ్చదు. ఒకే గిన్నెలో ఇంటిల్లిపాదికీ సరిపోయే తిండి చేసుకోవచ్చు. అన్నిటికంటే తేలిక పులగం. గ్లాసు బియ్యం, అరగ్లాసు పెసరపప్పు కలిపి కడగండి. నాలుగు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, పసుపు, నాలుగు మిరియాలు వెయ్యండి. తోటకూరో, మునగాకో సన్నగా తరిగి అందులోనే కలపండి. మీట నొక్కండి. మీరు తల దువ్వుకునేలోపు అయిపోతుంది. దించాక చెంచాడు నెయ్యి వేస్తే పిల్లలు మారు మాట లేకుండా తింటారు. పప్పూ అన్నమూ ఆకుకూరా ఒక్క గిన్నెలోనే! పక్కన ఊరగాయ ముక్క చాలు. గిన్నె సగానికి మించి నింపకండి. పప్పు పొంగి మూత మీదుగా కారి, లోపలికి పోతుంది.

కందిపప్పు అయితే గంట నానబెట్టాలి. గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్ళు. చింతపండు, ఉప్పు ముందు వెయ్యకండి. పులుపు పడితే పప్పు తొందరగా ఉడకదు. మెత్తబడ్డాకే వెయ్యండి. నిజం చెప్పాలంటే కందిపప్పుకు విజిలు కుక్కరే మేలు. దీంట్లో చాలాసేపు పడుతుంది.

కొన్ని కుక్కర్లతో బెజ్జాల పళ్ళెం ఇస్తారు. కింద అన్నం ఉడుకుతుంటే పైన ఆ పళ్ళెంలో కోడిగుడ్లు, ఆలుగడ్డలు, చిలగడదుంపలు పెట్టొచ్చు. గుడ్లు బాగా కడిగి పెట్టండి. అదే ఆవిరికి అవీ ఉడుకుతాయి. వేరే కరెంటు అక్కర్లేదు, వేరే గ్యాసు అక్కర్లేదు.

టమాటా అన్నం కావాలా? పోపు మాత్రం గ్యాసు మీద చిన్న మూకుట్లో వేయించి ఇందులో వొంపుకోండి. తరిగిన టమాటాలు, బియ్యం, నీళ్ళు కలపండి. టమాటాల్లో నీరు ఉంటుంది గనక అరగ్లాసు నీళ్ళు తగ్గించండి.

రాయలసీమ అక్కలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు ఇక్కడ. "సంగటి అవుతుందా?" అని ఇందాక అడిగారు. అవుతుంది. గ్లాసు బియ్యానికి నాలుగున్నర గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడకనివ్వండి. ఇంకా నీళ్ళు ఉండగానే గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పొయ్యండి. కలపకుండా గరిటె కాడతో ఒక బెజ్జం పొడిచి, పది నిమిషాలు మూత పెట్టండి. తర్వాత ప్లగ్గు పీకి, వేరే గట్టి గిన్నెలోకి వంచుకుని అప్పుడు తెడ్డుతో గెలకండి. కుక్కరు గిన్నెలోనే గెలికితే గిన్నె సొట్ట పోతుంది. సొట్ట పోయిన గిన్నె బిళ్ళ మీద సరిగ్గా కూర్చోదు.

అత్తల మాటకు వద్దాం. "గంజి వార్చని అన్నం తింటే షుగరు వస్తుంది" అంటారు. గంజితో పాటు కొంచెం పిండి పోతుంది, నిజమే. కానీ బి విటమిన్లు కూడా ఆ గంజితోనే పోతాయి. గంజి తాగే ఇళ్ళలో పర్వాలేదు. పారబోసే ఇళ్ళలో నష్టమే. షుగరు ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది ఎంత అన్నం తింటున్నాం అన్న సంగతి. వార్చిన అన్నమైనా కంచం నిండా తింటే షుగరు పెరుగుతుంది. ఇక రుచి అంటారా? కట్టెల పొయ్యి మీది అన్నం రుచి వేరు, నేనూ ఒప్పుకుంటాను. ఆ రుచి కావాలన్న రోజున, ఎవరికి కావాలో వాళ్ళు పొయ్యి రాజేసి వండిపెడితే సంతోషంగా తిందాం.

కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. నలుగురైదుగురు ఉన్న ఇంటికి లీటరున్నర, రెండు లీటర్ల కుక్కరు చాలు. పెద్దది కొని అందులో గుప్పెడు బియ్యం వండితే కరెంటు దండగ. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందేమో చూడండి. వైరుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. కొట్టువాణ్ణి బిల్లు అడిగి తీసుకోండి. గ్యారంటీ కార్డు మీద తేదీ వేసి, ముద్ర వేసి ఇమ్మనండి. ఆ తేదీ సరిగ్గా వేశాడో లేదో అక్కడే చదవండి. వాయిదాల మీద కొంటే మొత్తం ఎంత కడుతున్నామో కూడి చూడండి. వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టిన చెల్లెలు ఒకామె నాతో చెప్పింది, "అప్పుడు కూడటం రాదక్కా" అని. ఇప్పుడు ఆమెకు వచ్చు.

ఇండక్షను పొయ్యి గురించి కూడా ఎవరో అడిగారు. అది వేరే వస్తువు. దాని మీద 2000 వాట్లు అని ఉంటుంది. దానికి పెద్ద ప్లగ్గు, మందం తీగ కావాలి. మన సత్తు గిన్నెలు దాని మీద పనికిరావు. దాని సంగతి ఇంకోసారి.

ఇంకొక్క మాట. ఈ అరగంట మిగిలింది గదా అని ఇంకో చాకిరీ నెత్తిన వేసుకుంటున్నాం మనం. బట్టలు నానబెడదామా, పేడ ఎత్తుదామా అని చూస్తాం. పదో తరగతి చదివే ఆడపిల్ల ఉన్న ఇంట్లో పొద్దున అన్నం వంతు ఆ పిల్లదే. పరీక్షల రోజుల్లో కూడా పొయ్యి దగ్గర కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఒక చేత్తో కట్టె ఎగదోస్తూ చదివే పిల్లల్ని నేను చూశాను. కుక్కరు ఉన్న ఇంట్లో ఆ పిల్ల చేతికి ఇంకో పని చెప్పకండి. ఆ అరగంట ఆ పిల్లకు వదిలెయ్యండి.

వచ్చే వారానికి మీకు ఒక పని. ఇవాళ రాత్రి మీ ఇంటి మీటరు దగ్గరికి వెళ్ళండి. దాని మీద అంకెలు ఉంటాయి. అవి పుస్తకంలో రాసుకోండి. పక్కన తేదీ వెయ్యండి. కొన్ని మీటర్లలో అంకెలు మారుతూ ఉంటాయి, కంగారు పడకండి. కె.డబ్ల్యు.హెచ్. అనే ఇంగ్లీషు అక్షరాలు పక్కన ఉన్న అంకె రాసుకోండి. ఆ అక్షరాలు ఇదిగో, బోర్డు మీద పెద్దగా రాస్తున్నాను, చూసి దించుకోండి. ఏడు రోజుల తర్వాత మళ్ళీ చూసి రాయండి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యండి. అన్ని యూనిట్లు కాలాయన్న మాట. ఆ కాగితం తీసుకుని రండి. కుక్కరు ఉన్నవాళ్ళది, లేనివాళ్ళది పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇక కంచాలు తీసుకుని రండి. అన్నం చల్లారిపోతోంది. పెద్దమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి కూడా ఉంది.